వారు భయపడుదానికి భయపడకుడి

ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసే ముందు మా సంఘకాపరి ప్రార్థన మనవులు అడుగుతారు. మా ఊరు నాగర్‌కర్నూల్‌కు దగ్గర. పదేళ్ల క్రితం వరకు ఆ మనవులన్నీ ఇంటివి, పొలానివి: కోడలి కాన్పు, ఎండిన బోరు, వలసపోయిన కొడుకు. ఇప్పుడు వాటి నడుమ మరో రకం మనవి వచ్చి చేరింది. ఎక్కడో మందిరం కూలగొట్టారట, ఫలానా తేదీ తరువాత కూడికలే జరగనివ్వరట అంటూ ఒక అక్క ఫోను తెరిచి చూపిస్తుంది. ఇవేవీ టీవీల్లో చూపరు, వాళ్లంతా అమ్ముడుపోయారు అని వెనుక వరుస నుంచి ఎవరో అంటారు. ఆ తరువాత జరిగే ప్రార్థనలో దేవుని పేరు కంటే శత్రువు పేరే ఎక్కువసార్లు వినబడుతుంది. ఒకరిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ గొంతుల్లో నాదీ ఒకటి.

అలాంటి ఒక శుక్రవారం ఇంటికి వచ్చి యెషయా గ్రంథం తెరిచినప్పుడు ఎనిమిదవ అధ్యాయం పన్నెండవ వచనం దగ్గర ఆగిపోయాను: "ఈ ప్రజలు బందుకట్టు అని చెప్పునదంతయు బందుకట్టు అనుకొనకుడి, వారు భయపడుదానికి భయపడకుడి, దానివలన దిగులుపడకుడి." బందుకట్టు అంటే కుట్ర. హీబ్రూ మూలంలోని కెషెర్ అనే మాటకు కూడా కట్టడం, ముడివేయడం అనే అర్థమే ఆధారం. నలుగురు రహస్యంగా ఒక కట్టుగా కావడమే కుట్ర గనుక, మన అనువాదకులు ఎంచుకున్న మాట సరిగ్గా అతికింది.

ఈ మాట పుట్టిన కాలం నెమ్మదైన కాలం కాదు. క్రీస్తుకు పూర్వం సుమారు 735లో సిరియా రాజైన రెజీను, ఇశ్రాయేలు రాజైన పెకహు ఏకమై యెరూషలేము మీదికి వచ్చారు. ఆ కబురు అందగానే యెరూషలేము నుంచి ఏలుతున్న యూదా రాజైన ఆహాజు హృదయము, అతని జనుల హృదయము "గాలికి అడవి చెట్లు కదలినట్లు" కదిలాయని ఏడవ అధ్యాయం చెబుతుంది. కుట్ర కూడా నిజంగానే ఉంది. దావీదు వంశాన్ని తొలగించి టాబెయేలు కుమారుణ్ణి సింహాసనం ఎక్కించాలని వారు ఆలోచించారు. అందుచేత కుట్రలే లేవు, నిశ్చింతగా పడుకోండి అని దేవుడు చెప్పలేదు. జనులు కుట్ర అని పిలిచే ప్రతిదానినీ కుట్ర అనుకోవద్దన్నాడు. 'అంతయు' అన్న ఆ చిన్న మాటలోనే వచనం బరువంతా ఉన్నట్టు నాకు తోస్తుంది.

ఇంకొక సంగతి గమనించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇక్కడ "ఈ ప్రజలు" అన్నది శత్రువులను గురించి కాదు, ప్రవక్త సొంత జనులను గురించే. ఈ జనుల మార్గమున నడువకూడదని పదకొండవ వచనంలో యెహోవా యెషయాను గట్టిగా హెచ్చరిస్తాడు. పత్రికలను, టీవీలను నమ్మవద్దనడానికి ఈ వచనం ఎత్తిచూపేవారిని నేను చూశాను. వార్తాసంస్థలకు పక్షపాతం ఉండదని నేను అనను. మన పల్లెల గోడు చాలాసార్లు వాటికి పట్టదు. అయితే టీవీ చెప్పినదంతా అబద్ధమని తోసిపుచ్చిన మనిషి, సొంత బంధువు పంపిన వీడియోను తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నమ్మితే, అతడు వివేచన సంపాదించినట్టు కాదు, నమ్మకాన్ని ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి మార్చినట్టు. 'ప్రార్థించండి' అన్న మాట కింద ఉన్నంత మాత్రాన పైనున్న కబురు నిజమైపోదు. "లేనివార్తను పుట్టింపకూడదు" అన్న నిర్గమకాండము ఆజ్ఞ చేరవేసేవారికి వర్తించదని మనం ఎందుకు అనుకుంటున్నామో!

మణిపూర్‌లో జరిగిన సంగతి దీనికి రెండు వైపులా సాక్ష్యం. 2023 మే 3న అక్కడ మైతేయిలకు, కుకీలకు నడుమ హింస మొదలైనప్పుడు, ఢిల్లీకి చెందిన ఒక యువతి మృతదేహం ఫోటోను, 2022 నాటి హత్యకు సంబంధించినదాన్ని, చురాచాంద్‌పూర్‌లో చెరచబడి చంపబడిన మైతేయి నర్సుదని పంచారు. ఆ అబద్ధం రేపిన పగ నిజమైన స్త్రీల మీద తీరింది. మే 4న ఇద్దరు కుకీ స్త్రీలను వివస్త్రలను చేసి ఊరేగించిన దారుణమేమో, ఇంటర్నెట్ నిలిపివేసి ఉండగా, జూలై 19న వీడియో బయటికి వచ్చేంతవరకు దేశానికి తెలియలేదు. అబద్ధం ఆ రాత్రికే ఊళ్లు దాటింది, నిజానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ రోజుల్లో నేనూ ఒక వీడియోను కన్నీళ్లతో పదిహేను మందికి పంపాను. అది మన దేశానిదే కాదని తరువాత తెలిసింది. దిద్దుబాటు మాత్రం ముగ్గురికే పంపాను, మిగిలినవారికి పంపడానికి సిగ్గనిపించింది. ఆ సిగ్గే నా పాపంలో రెండవ సగమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మన పాలమూరు సీమలో దీనికి మందు దొరకకపోలేదు. 2018 మేలో పార్థీ గ్యాంగులనే దొంగల ముఠాలు, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు తెలంగాణ పల్లెలను పట్టి ఊపింది. అమాయకులు దెబ్బలు తిన్నారు, హైదరాబాదులో ప్రాణం కూడా పోయింది. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపి, డప్పులతో, పాటలతో, దండోరాతో జనానికి నచ్చజెప్పించారు. దండోరా అన్న మాట చదివినప్పుడు నా మనసు ఒక్కసారిగా వెనక్కి పోయింది. ఒకప్పుడు డప్పు కొట్టి ఊరికి కబురు చాటినవారు మన వాడల నుంచే పోయారు. ఈ ప్రాంతపు సంఘాలలో ఎక్కువ భాగం ఆ వాడలలోనే పుట్టింది. ఆ వెట్టి పోయినందుకు దేవునికి స్తోత్రం. అయినా ఒక మాట: దండోరా వేసిన మనిషికి ముఖం ఉండేది, ఊరందరికీ అతని పేరు తెలిసేది, కబురు తప్పైతే మరునాడు అదే వీధిలో జవాబు చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు కబురుకు ముఖం లేదు. అదే అధ్యాయం పందొమ్మిదవ వచనంలో "కర్ణపిశాచిగలవారి" యొద్దకును, "కిచకిచలాడి గొణుగు" మంత్రజ్ఞుల యొద్దకును పోయి విచారించేవారి ప్రస్తావన ఉంది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని అర్ధరాత్రి వరకు వింటూ కూర్చునే మా మనవణ్ణి చూసినప్పుడల్లా కర్ణపిశాచి అన్న మాట గుర్తుకు వచ్చి నవ్వు వస్తుంది, తరువాత నవ్వు ఆగిపోతుంది.

భయం మనిషిని ఎవరి చేతిలో పెడుతుందో ఆహాజు కథ చూపిస్తుంది. "భద్రముసుమీ, నిమ్మళించుము" అని దేవుడు చెప్పించాడు; ఆ ఇద్దరు రాజులు పొగ రాజుచున్న కొరకంచు కొనలే అన్నాడు. ఆహాజు నిమ్మళించలేకపోయాడు. దేవాలయంలోని వెండి బంగారాలు తీసి అష్షూరు రాజైన తిగ్లత్పిలేసెరుకు కానుకగా పంపి, నేను నీ దాసుడనని కబురు పెట్టాడు. దమస్కు పడిపోయింది, నిజమే. కానీ కాపాడమని పిలిచినవాడే యూదా మెడ మీద కాడి అయ్యాడు. మెల్లగా పారు షిలోహు నీళ్లను కాదన్న జనుల మీదికి యూఫ్రటీసు నది వరదగా వస్తుందని ఎనిమిదవ అధ్యాయం చెప్పింది ఇందుకే. ఈ పోలిక మనకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఎండాకాలం వాగు ఇసుకలో చెలిమె తీసి, నీరు ఊరేదాకా కడవ పక్కన కూర్చున్న తల్లులు మన ఇళ్లలో ఉన్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర అలంపురాన్ని ముంచిన వరదనూ చూశాం. వరద నీరు చాలా ఉంటుంది, త్వరగా వస్తుంది, తాగడానికి మాత్రం పనికిరాదు.

అయితే భయం వదులుకోమనడంతో దేవుడు ఊరుకోలేదు. సైన్యములకధిపతియగు యెహోవాయే మీరు భయపడవలసినవాడు అని పదమూడవ వచనం. తెలుగులో భయభక్తులు అని రెండింటినీ కలిపి ఒకే మాటగా పలుకుతాం; భక్తి నుంచి విడిపోయిన భయమే మనిషిని రాత్రంతా ఫోను వెంట తిప్పుతుంది. 2021 మార్చిలో అరవై దాటినవారికి కరోనా టీకా మొదలైనప్పుడు, అది ప్రకటన గ్రంథంలో క్రూరమృగానిదని చెప్పిన 666 ముద్ర అని మా సంఘంలో కొందరు పెద్దలు వేయించుకోలేదు. జడ్చర్ల మిషన్ ఆసుపత్రిలో ప్రార్థన చేసి సూది వేయించుకున్న తల్లిదండ్రులకు పుట్టినవారు వాళ్లు! ప్రకటన గ్రంథం మీద భక్తి ఉన్నట్టే కనిపించింది, ఉన్నదంతా భయం.

పేతురు తన మొదటి పత్రికలో హింస ఎదుర్కొంటున్న విశ్వాసులకు యెషయా మాటలనే తిరిగి చెప్పాడు: "వారి బెదరింపునకు భయపడకుడి, కలవరపడకుడి." ఆ వెంటనే, మీ నిరీక్షణకు హేతువు అడుగు ప్రతివానికి సాత్వికముతో సమాధానం చెప్పమన్నాడు. అడిగినవాణ్ణి శత్రువుగా ముందే తీర్మానించుకున్నవాడు సాత్వికంగా మాట్లాడలేడు. మందిరం పక్క టీకొట్టు దగ్గర కూర్చునే హిందూ అన్నలతో ఈ ఏడాది నేను ఎన్నిసార్లు మనసు విప్పి మాట్లాడానో లెక్కపెట్టుకుంటే చేతివేళ్లు మిగిలిపోయాయి.

కొన్ని నెలలుగా మా కాపరి ఒక చిన్న అలవాటు చేశారు. భయం పుట్టించే కబురు మనవిగా వస్తే, మోకరించక ముందే, ఎవరు చెప్పారు, అక్కడ మనకు తెలిసినవారు ఉన్నారా, ఫోను చేశారా అని అడుగుతారు. మొదట్లో ఇది అవిశ్వాసమని కొందరికి కోపం వచ్చింది. ఒక శుక్రవారం ఒక తల్లి, పుణెలో తన కొడుకు పనిచేసే చోట గొడవలట అని ఏడ్చింది. అక్కడే ఫోను చేస్తే, ఏ గొడవా లేదమ్మా, డ్యూటీలో ఉన్న అని అతడే పలికాడు. మూడు వారాల తరువాత ఇంకొకరి కొడుకు గురించి, పనిచేసే చోట గోవ (పరంజా) కూలి పైనుంచి పడ్డాడని కబురు వచ్చింది. అప్పుడు కూడా అడిగాం, ఫోను చేశాం. ఈసారి అది నిజం. ఆ రాత్రి ప్రార్థన పొడవుగా సాగలేదు. కానుకల పెట్టెలో ఉన్నదానికి చేతుల్లో ఉన్నది కలిపి, వాళ్ల నాయనను, మా సంఘపెద్ద ఒకరిని రాత్రి బస్సు ఎక్కించి వచ్చాం.