సున్నా రూపాయల టికెట్టు

మా అబ్బాయి లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో మూడు నెలలుగా, మాకెవరికీ తెలియకుండా, ఒక పద్దు నడుస్తూ వచ్చింది. పేజీని నిలువునా గీతగీసి ఒకవైపు ‘నేను’ అనీ, రెండోవైపు ‘అక్క’ అనీ కన్నడంలో రాసుకున్నాడు. వాడు తెలుగు మాట్లాడతాడు గాని, రాయడం రాదు. తన పేరు కింద సిటీ బస్సు టికెట్ల ధరలు తేదీలవారీగా ఉన్నాయి. అక్క కింద ప్రతి వరుసలోనూ సున్నా ఉంది. అడుగున మొత్తం కట్టి, ఈ 1,146 రూపాయలు ప్రభుత్వమైనా తిరిగి ఇవ్వాలి, నాన్నైనా ఇవ్వాలి అని ఇంగ్లీషులో తీర్పు రాశాడు.

వాడికి 13 ఏళ్లు, వాళ్ల అక్కకు 17. ధర్మవరం దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన నేను ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి 20 ఏళ్లయింది. మా ఊరికీ, బెంగళూరులో మేముండే మారతహళ్లికీ మధ్య ఉన్నది సుమారు 200 కిలోమీటర్లే కాబట్టి, సముద్రాలు దాటి వెళ్లినవారు దీన్ని కూడా ప్రవాసమంటారా అని నవ్వవచ్చు. అయితే ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు, కోపం వస్తే మూడూ కలిపి మాట్లాడే పిల్లలను పెంచుతున్నప్పుడు, దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం నాకు ఎప్పుడో మానేయవలసి వచ్చింది.

పద్దుకు మూలం శక్తి పథకం. కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన ఈ పథకం కింద, రాష్ట్రంలో నివాసమున్నట్లు చూపే గుర్తింపు కార్డు ఉన్న ఆడవాళ్లు ప్రభుత్వ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించవచ్చు. ఏసీ బస్సులకూ, రాష్ట్రం దాటి వెళ్లే బస్సులకూ ఇది వర్తించదు. ఉచితమే అయినా కండక్టరు టికెట్టు ఇస్తాడు, దానిమీద ధర సున్నా అని ఉంటుంది. ధర లేనిదానికి టికెట్టు ఎందుకని మావాడు అడిగితే, ఆ సున్నా టికెట్లను లెక్కపెట్టే ప్రభుత్వం బస్సు సంస్థకు డబ్బు చెల్లిస్తుందని చెప్పాను. ‘అంటే అక్క టికెట్టు ఎవరో కొంటున్నారన్నమాట’ అన్నాడు వాడు. ఆ మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఈ టికెట్టు గురించి మా ఇంట్లో పుట్టిన మొదటి నవ్వు మా అమ్మది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇటువంటి పథకమే మొదలైంది. దానితో ధర్మవరంలో పైసా లేకుండా బస్సెక్కడం అలవాటైన మా అమ్మ, ఇక్కడికి వచ్చినప్పుడు కూడా అదే ధీమాతో తన ఆధార్ కార్డు తీసి కండక్టరుకు చూపించింది. ఆయన చిరునామా చూసి, డబ్బులివ్వాలన్నాడు. ‘గడి దాటితే నేను ఆడదాన్ని కాకుండా పోతానా నాయనా?’ అని ఆమె తెలుగులోనే నిలదీసింది. కండక్టరు కోలారు వైపు మనిషి కాబోలు, ఏమాత్రం తడుముకోకుండా, ‘నువ్వు ఆడదానివే అవ్వా, నీ ఆధారు కూడా ఆడదే, ఈడది కాదు’ అని తెలుగులోనే జవాబిచ్చి టికెట్టు కొట్టాడట. మా అమ్మ ఆ మాటను ఇంటికొచ్చి పదిమందికి చెప్పుకుని నవ్వింది. టికెట్టు డబ్బులు పోయినందుకు ఆమె బాధపడిన గుర్తు నాకు లేదు.

నోటుపుస్తకం బయటపడిన రోజు మాత్రం నవ్వు కొద్దిసేపే నిలిచింది. మావాడి వాదనలో పస లేకపోలేదు. మేముండే అపార్టుమెంటులో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఖరీదైన ఫోన్లు చేతబట్టుకుని ఉచితంగా ప్రయాణిస్తారు. కాపలా పని చేసే పెద్దాయన రోజూ రెండు బస్సులకు టికెట్లు కొంటాడు. ఉచితం ఇవ్వవలసింది లేనివాళ్లకు గాని ఆడవాళ్లకు కాదని వాడన్నాడు. బెంగళూరు బయట నడిచే కర్ణాటక ప్రభుత్వ బస్సుల్లో సగం సీట్లు మగవాళ్లకు కేటాయించాలని ఈ పథకంతోపాటే నిబంధన పెట్టారనీ, బెంగళూరు నగర బస్సులకు అదీ లేదనీ ఎక్కడో చదివి, దాన్నీ తన పద్దులో ఫిర్యాదుగా చేర్చాడు. నిజం చెప్పాలంటే కాపలా పెద్దాయన మాట దగ్గర నేను వాడి పక్షమే.

న్యాయశాస్త్ర ప్రవేశపరీక్షకు చదువుతున్న మా అమ్మాయికి వాదన దొరికితే పండగ. అయితే ఆ సాయంత్రం ఆమె చట్టాల జోలికి పోకుండా ఒకే ప్రశ్న వేసింది. తాను రాత్రి 7 గంటలకల్లా ఇంట్లో ఉండాలి. తమ్ముడు క్రికెట్ సాధన పేరుతో 9 గంటలకు వచ్చినా ఎవరూ ఏమీ అనరు. ‘వాడి దగ్గర డబ్బులు కట్టిన టికెట్టు ఉంది, వెళ్లడానికి అనుమతి ఉంది. నా దగ్గర ఉచిత టికెట్టు ఉంది, వెళ్లడానికి అనుమతి లేదు. ఎవరి పద్దులో ఎక్కువ నష్టం రాయాలో నువ్వే చెప్పు నాన్నా’ అన్నది.

ఏడు గంటల నియమం పెట్టినవాణ్ణి నేనే. దానికి నా దగ్గర కారణాలున్నాయి: మా వీధి చివర దీపాలు లేని ఖాళీ స్థలం, వార్తల్లో చదివే సంగతులు, ఆడపిల్ల తండ్రికి ఉండే దడ. అయితే వాటిని చెప్పబోయిన నా నోటికి ముందుగా వచ్చినది, మా నాన్న అనగా విన్న సామెత. తిరిగి ఆడది చెడుతుందట, తిరగక మగవాడు చెడతాడట. హాస్యంగానే అన్నాను. మా ఆవిడ వంటగదిలోంచే, ‘అయితే 9 గంటలదాకా తిరిగి మనవాడు బాగుపడుతున్నాడన్నమాట’ అన్నది. ఆ మార్కులు చూసినవారెవరూ అలా అనరని వాడి మొహమే చెప్పింది.

సామెతలతో వచ్చే చిక్కే ఇది. వాటిని చిన్నప్పుడే మింగి ఉంటాం కాబట్టి, అవి మన అభిప్రాయాలా కాదా అని ఆలోచించేలోగానే నోట్లోంచి జారిపోతాయి. ఈ సామెతను మా పిల్లలకు చెప్పాలని నేను ఏనాడూ అనుకోలేదు. ఇంటి తెలుగును నిలబెట్టాలన్న ఆత్రంలో మాత్రం, ఎన్ని ఇటువంటి మాటలను పచ్చడి జాడీలతోపాటు మూటగట్టుకుని ఇక్కడికి మోసుకొచ్చానో లెక్క లేదు.

అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనికి దానిలో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని చెప్పింది. తమ్ముడు నన్ను కాసేపు ఎగాదిగా చూసి, ‘నాన్నకు 88 రావు’ అన్నాడు. వాడు నా పక్షం వదిలి నిజం పక్షం చేరడం నాకు అంత సంతోషాన్నేమీ ఇవ్వలేదు. ఆదివారం దోసెలు పోసేది నేనేనని గుర్తుచేస్తే, పిండి రుబ్బినది ఎవరని మా ఆవిడ అడిగింది.

ఈ నవ్వులన్నీ మా నలుగురి మధ్యనే ఉన్నంతకాలం ఎవరికీ ముల్లు గుచ్చుకోలేదు. గుచ్చుకున్నది పోయిన వేసవిలో, ఊళ్లో మా చిన్నాన్న కొత్త ఇంటి గృహప్రవేశంలో. బంతి భోజనాల దగ్గర ఎవరో మా అమ్మాయి చదువు గురించి అడిగారు. అయిదేళ్ల లాయరు చదువుకు ఎంత ఖర్చవుతుందో నేను చెబుతుండగా, చిన్నాన్న అందుకుని, ‘ఎంత పెట్టినా ఏముందిలే, అది ఆడపిల్ల, ఈడపిల్ల కాదు కదా’ అన్నాడు. వరసంతా నవ్వింది. ఆ శ్లేష తెలియని తెలుగు ఇల్లు ఉండదు: ఆడపిల్ల అంటే అక్కడి పిల్ల, ఎప్పటికైనా అత్తవారింటికి పోయేది. నేనూ నవ్వాను. పెద్దవాడి మాటకు పదిమందిలో నవ్వకుండా కూర్చోవడం మా వైపు అలవాటు లేదు.

మా అమ్మాయి మాత్రం తెల్లబోయింది. రాయలసీమలో ‘ఆడ’ అంటే ‘అక్కడ’ అని ఆమెకు తెలుసు గాని, బెంగళూరులో పుట్టిన చెవికి అది అంత త్వరగా తట్టదు. కన్నడంలో ‘ఆడు’ అంటే మేక. ‘ఆడపిల్ల అంటే మేకపిల్లా తాతా?’ అని ఆమె నిజంగానే అడిగింది. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. విషయం విప్పి చెప్పాక ఆమె కాసేపు ఆలోచించి, ‘మీ ఊరినుంచి చూస్తే మేమందరమూ ఆడవాళ్లమే కదా తాతా. తమ్ముడు కూడా బెంగళూరులోనే ఉంటాడు, మా నాన్న అయితే 20 ఏళ్లనుంచీ ఆడనే ఉన్నాడు’ అన్నది. చిన్నాన్న పప్పు కలుపుకోవడంలో మునిగిపోయాడు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

కండక్టరు వాడినదీ, చిన్నాన్న వాడినదీ ఒకే శ్లేష. ఒకటి విని మా అమ్మ వారం రోజులు నవ్వింది. రెండోది విని ఆమె మనుమరాలు తిరుగు ప్రయాణంలో హిందూపురం దాటేదాకా మాట్లాడలేదు. కండక్టరుకు మా అమ్మ బదులు చెప్పగలదు, ఎదురుగా నిలబడి గొడవపడగలదు, చివరికి పోయేది ఒక టికెట్టు డబ్బు. బంతిలో కూర్చున్న పిల్ల ఎదురు చెబితే పొగరు, చెప్పకపోతే ఒప్పుకోలు. నోటుపుస్తకం ముందు కూర్చున్న ఆ సాయంత్రం నా భార్య మరొక తేడా కూడా చూపింది. చిన్నాన్న అన్నది వట్టి శ్లేష కాదనీ, మా ఇంట్లో దానిని పత్రం మీద రాసి అమలు చేశామనీ అన్నది. నాకు అర్థమైంది. పిల్లలకు అర్థం కాలేదు; కాబట్టి చెప్పవలసి వచ్చింది.

మా నాన్న 2009లో పోయారు. పిత్రార్జితమైన వేరుశనగ చేను నాలుగున్నర ఎకరాలు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు ఇవ్వడంలో దేశంలో ముందున్నది మన రాష్ట్రమే. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. తమిళనాడుకు 1989 దాకా, కర్ణాటకకు 1994 దాకా, మొత్తం దేశానికి 2005 దాకా పట్టింది. ఈ మాట బెంగళూరు మిత్రులకు నేను గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు ఆ సవరణ వర్తించలేదు గాని, మా అక్క పెళ్లి జరిగింది 1998లో. అమ్మాయి కాగితం తీసుకుని లెక్క వేసింది: నాన్నకు, నాకు, అక్కకు తలా మూడో వంతు, నాన్న వంతు మళ్లీ అమ్మకు, మాకిద్దరికీ సమానంగా. వెరసి అమ్మకు అరెకరం, నాకు 2 ఎకరాలు, అక్కకు 2 ఎకరాలు.

2010లో అక్క సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వచ్చి, తన హక్కు వదులుకుంటున్నట్లు దస్తావేజు మీద సంతకం చేసింది. ఎవరూ బలవంతపెట్టలేదు. అడగను కూడా అడగలేదు. సంతకం చేస్తుందని అందరమూ అనుకున్నాం, ఆమె చేసింది. ఆ మధ్యాహ్నం అమ్మ ఆమెకు పసుపు, కుంకుమ, ఒక ధర్మవరం పట్టుచీర పెట్టింది. బావ ఏదో హాస్యమాడితే అందరమూ నవ్వుకున్నాం.

‘అత్త టికెట్టు కూడా ఎవరో కొన్నారు’ అన్నాడు మావాడు. కాదు, అత్తే అందరికీ కొన్నది అని వాళ్ల అక్క సరిదిద్దింది. నోటుపుస్తకం ఇంకా బల్ల మీదే ఉంది. 1,146 రూపాయల మీద తీర్పు చెప్పడానికి కూర్చున్నవాణ్ణి, రెండు ఎకరాల పద్దు కింద నా పేరు కనిపించేసరికి, మంచినీళ్ల నెపంతో లేచిపోయాను.

ఏడు గంటల నియమం ఇప్పుడు ఇద్దరికీ ఎనిమిదిన్నర అయింది. ఇద్దరూ సమానంగా అసంతృప్తితో ఉన్నారు. ఆ ఖాళీ స్థలం దగ్గర దీపం వేయించమని అర్జీ పెట్టాను.

అక్కకు ఫోను చేయడానికి నాకు మరో నెల పట్టింది. దస్తావేజు సంగతి ఎత్తి, నీ రెండు ఎకరాలు తిరిగి నీ పేరున రాయిస్తానని చెప్పాను. అక్క పకపకా నవ్వింది. ‘ఆ బోర్లు రెండూ ఎండిపోయిండాయి కదరా, వాటి అప్పు గూడా నా పేరునే రాస్తావా ఏంది?’ అన్నది. నేనూ నవ్వాను. అప్పటికి మాట అయిపోయిందనే అనుకుని, పిల్లల సంగతులు చెప్పబోతుంటే, ఆమె గొంతు తగ్గించి అడిగింది:

‘ఇప్పుడు ఎకరా ఎంత పలుకుతాందిరా ఆడ?’

చెప్పాను. ఫోనులో కాసేపు ఏమీ వినిపించలేదు. ఆ తరువాత అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయని అడిగింది.