నాలుగు పాజిటివ్‌లు, ఒక్క ఎలర్జీ

మేముండేది బరంపురంలో. పోయిన ఏడాది ఒక ఆదివారం చిలికా రొయ్యలు వండాను. ఆరేళ్ల మా బాబు నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, పావుగంటలో పెదవి వాచిపోయింది, మెడంతా దద్దుర్లు. ఆసుపత్రికి పరిగెత్తాం. ఇంజెక్షన్‌తో వాపు తగ్గింది గానీ నా భయం తగ్గలేదు.

ఆ వారంలోనే ఎవర్నీ అడక్కుండా ల్యాబ్‌లో ఎలర్జీ ప్యాకేజీ రక్త పరీక్ష చేయించాను. రొయ్య, వేరుశెనగ, గోధుమ, గుడ్డు, నాలుగింటి పక్కనా పాజిటివ్. 0.35 దాటితే పాజిటివ్ అని కింద రాసుంది. రొయ్యకు 0.9, వేరుశెనగకు 1.8. అంకె పెద్దది కదా, వేరుశెనగే ఎక్కువ ప్రమాదం అనుకున్నాను. నాలుగూ మానిపించేశాను. మూడు నెలల్లో బాబు రెండు కిలోలు తగ్గాడు.

"ఇన్నాళ్లూ పిక్కల చట్నీతోనే కదమ్మా ఇడ్లీ తిన్నాడు, ఇప్పుడేమొచ్చింది?" అని మా అత్తగారు (వేరుశెనగను మావైపు పిక్కలంటాం) అడిగితే రిపోర్టు చూపించి ఇంకో మాట మాట్లాడనివ్వలేదు. ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న అని విశాఖ వెళ్లాక తెలిసింది.

అక్కడి ఎలర్జీ డాక్టరు గారు ముందు రిపోర్టు చూడనే లేదు. ఏం తిన్నాడు, ఎంతసేపటికి ఏమైంది అని ఒక్కొక్కటీ అడిగారు.

"గుడ్డు తిన్నాక ఎప్పుడైనా ఏమైనా అయిందామ్మా?"

"లేదండి."

"చపాతీ?"

"లేదండి."

ఈ పరీక్ష రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీ ఉందో లేదో చెబుతుందట. అది ఉన్నా హాయిగా తిని అరిగించుకునే పిల్లలు చాలామంది ఉంటారట. అంకె పెరిగేకొద్దీ ఎలర్జీ నిజంగా ఉండే అవకాశం పెరుగుతుంది గానీ, రియాక్షన్ ఎంత గట్టిగా వస్తుందో అది చెప్పలేదు. నెగటివ్ వచ్చినా అరుదుగా పడకపోవచ్చు. మా ఎదురింటివాళ్లు బోలెడు డబ్బు పోసి చేయించుకున్న ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) పరీక్ష సంగతీ అడిగాను. అది మనం ఏం తింటున్నామో చూపిస్తుందే తప్ప ఎలర్జీ తేల్చడానికి పనికిరాదన్నారు.

గుడ్డు, గోధుమ ఇంట్లోనే మొదలుపెట్టమన్నారు. వేరుశెనగ మాత్రం ఆసుపత్రిలో, వాళ్ల కళ్లెదుటే. దానికి వారం ముందు నుంచి సెట్రిజిన్ అనే ఎలర్జీ మందు ఆపించారు. ఆ రోజు నర్సమ్మ వేయించిన పిక్కల పొడి చిటికెడుతో మొదలుపెట్టి, ఇరవై నిమిషాలకోసారి కొంచెం పెంచుతూ పెట్టింది. పెట్టిన ప్రతిసారీ చొక్కా ఎత్తి పొట్ట, వీపు చూసేది, నాలుక చాపమనేది. నేను వాడి పెదవి మీంచి చూపు తిప్పితే ఒట్టు. చివరి చెంచా తిన్నాక రెండు గంటలు కూర్చోబెట్టారు. ఏమీ కాలేదు. నర్సమ్మ కాగితం మీద టిక్కు పెడుతుంటే నాకు ఏడుపొచ్చేసింది.

రొయ్యలు మాత్రం మా ఇంట్లో వండడం మానేశాం, పీతలు కూడా. పెళ్లి భోజనాలకు వెళితే చేపలు వేయించిన నూనెలో రొయ్యలు వేశారా అని అడిగాకే బాబుకు పెడుతున్నాను. ఆకలేస్తోందమ్మా అంటూ వాడు అన్నం, పప్పుతోనే సరిపెట్టుకున్న ఆ మూడు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.