జిన్‌ను ముందు ముక్కుతో తాగాలి

హైదరాబాదులో నలుగురు కలిసి కూర్చున్న చోట ఒకరు విస్కీ అంటారు, ఒకరు బీరు అంటారు, కాస్త పెద్ద వయసు వారు బ్రాందీ దగ్గర ఆగిపోతారు. ఎవరైనా జిన్ అన్నారంటే మాత్రం "అది ఆడవాళ్ళ మందు కదా" అని ఒక మాట, "సెంటు తాగినట్టుంటుంది" అని మరొక మాట తప్పక వినిపిస్తాయి. మొదటి మాటకు జవాబు అనవసరం. రెండో మాట ఎగతాళికే అన్నా, అన్నవారు తెలియకుండానే అసలు విషయం దగ్గరకు వచ్చారు. జిన్‌లో ఉన్నదంతా వాసనే. గింజలు, తొక్కలు, వేళ్ళు, బెరళ్ళలోని సువాసన తైలాలను ఆల్కహాలులోకి దింపి నిలిపి ఉంచితే అది జిన్ అవుతుంది. అలాంటి దాన్ని విస్కీ తాగే అలవాటుతో, అంటే సోడా పోసి రెండు గుటకల్లో దించుకుని వెంటనే మిర్చి బజ్జీ కొరికే అలవాటుతో తాగితే నచ్చకపోవడంలో వింత లేదు.

జిన్‌కు మూలమైన ఆల్కహాలుకు సొంత రుచి అంటూ ఉండకూడదు. మన దేశంలో మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన ఆల్కహాలును దాదాపు 96 శాతం దాకా శుద్ధి చేసి, దానికి రంగు, రుచి, వాసన లేకుండా చేస్తారు. ఈ స్థాయి శుద్ధికి దారి వేసినది నిరంతరాయంగా పనిచేసే స్తంభాల బట్టీ (బట్టీ అంటే ఆల్కహాలును మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టే సాధనం). దానికి 1830లో పేటెంటు తీసుకున్న ఈనియస్ కాఫీ అంతకు ముందు ఐర్లండ్‌లో ఎక్సైజ్ అధికారిగా పనిచేసినవాడు కావడం నాకెప్పుడూ నవ్వు తెప్పించే విషయం. అంతకు ముందు మూల ఆల్కహాలు మొరటుగా ఉండేది కాబట్టి దానిని కప్పిపుచ్చడానికి జిన్‌లో తీపి కలపడం మామూలుగా ఉండేది. విస్కీ రుచిలో చాలా భాగం ఏళ్ళ తరబడి చెక్క పీపాలో నిలవ ఉండటం వల్ల వస్తుంది. జిన్‌కు ఆ నిరీక్షణ సాధారణంగా ఉండదు. దినుసులను ఆల్కహాలులో నానబెట్టి మళ్ళీ బట్టీ పట్టడమో, పైకి లేచే ఆవిరిని దినుసుల బుట్ట గుండా పంపడమో చేస్తారు, తరువాత నీళ్ళు కలిపి సీసాకెక్కిస్తారు. కొత్తగా బట్టీ పెట్టినవారు చాలామంది జిన్‌తో మొదలుపెట్టడానికి కారణం కూడా ఇదే. పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది.

సీసా మీద రాసి ఉండే అంకెల గురించి ఒక మాట. మన దేశపు సీసాల మీద 42.8 శాతం అని, దాని పక్కనే 75 డిగ్రీల ప్రూఫ్ అనో 25 యు.పి. (అండర్ ప్రూఫ్, అంటే 100 ప్రూఫ్‌కు 25 తక్కువ) అనో కనిపిస్తుంది. పాత బ్రిటిష్ కొలతలో 100 ప్రూఫ్ అంటే సుమారు 57 శాతం ఆల్కహాలు, అందులో ముప్పావు వంతు 42.8. యూరప్ చట్టం ప్రకారం జిన్‌కు 37.5 శాతం చాలు, అమెరికాలో 40 ఉండాలి. కాబట్టి జిన్ తేలికైన పానీయమన్న నమ్మకానికి ఆధారం లేదు. 60 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, అదే శాతం ఉన్న విస్కీలోనూ అంతే ఉంటుంది. రాత్రి పూట చెక్‌పోస్టులో మనచేత ఊదించే యంత్రం ఈ రెండింటికీ తేడా పెట్టదు.

ఇక జునిపెర్. చట్ట ప్రకారం జిన్‌లో ప్రధానంగా తెలియాల్సింది ఈ రుచే. దాన్ని కాయ అని పిలుస్తున్నా, నిజానికి అది శంకువుల జాతి పొదకు కాసే ఆడ శంకువు. కండ పట్టి గుండ్రంగా మారి, పండటానికి రెండు మూడేళ్ళు తీసుకుంటుంది. దీనిని చూడటానికి బారుకు వెళ్ళనక్కరలేదు. యునానీ వైద్యులు దీనిని అబ్‌హల్ అంటారు, ఆయుర్వేదంలో హపుష అంటారు. పాతబస్తీలో మూలికలు అమ్మే దుకాణంలో అడిగితే బఠాణీ కంటే చిన్నగా, నీలి నలుపు రంగులో ముడతలు పడిన ఎండు కాయలను కాగితం మీద పోసి చూపిస్తారు. ఒకదాన్ని గోటితో చీలిస్తే పైన పెళుసు తొక్క, లోపల గోధుమ రంగు గుజ్జు, ఆ గుజ్జులో గట్టి గింజలు కనిపిస్తాయి. వేళ్ళ మధ్య నలిపితే ముందు టర్పెంటైన్ లాంటి ఘాటు ముక్కుకు తగులుతుంది, ఆ వెనుక మిరియాల ఛాయ, చివర ఏదో ఎండిన పండు తీపి. నాకు మాత్రం చెట్టు నుంచి అప్పుడే తెంపిన పచ్చి మామిడికాయ ముచ్చిక దగ్గర కారే జీడి వాసన గుర్తొస్తుంది. ఇది ఊరికే కలిగిన భ్రమ కాదనుకుంటాను, ఎందుకంటే జునిపెర్‌లో ప్రధానమైన ఆల్ఫా పైనీన్, మామిడి జీడిలో ఘాటైన వాసననిచ్చే పదార్థాలు చాలావరకు టెర్పీన్లనే ఒకే వాసన పదార్థాల కుటుంబానికి చెందినవి. ఇవి వాసన చూడటానికే. ఔషధ గుణం ఉన్న కాయలను సరదాకు నమలడం మంచిది కాదు.

జునిపెర్ తరువాతి స్థానం దాదాపు అన్ని జిన్లలోనూ ధనియాలదే. తెలుగు ఇంట్లో పెరిగినవారికి జిన్‌ను అర్థం చేసుకోవడంలో ఉన్న పెద్ద వెసులుబాటు ఇక్కడే ఉంది. లండన్‌లో కూర్చుని రుచి చూసేవాడు పుస్తకం చదివి నేర్చుకోవలసిన వాసనల్లో సగం మన మసాలా డబ్బాలోనే ఉన్నాయి. ధనియాలను వేయించకుండా రోట్లో ఒక్క దెబ్బ వేసి వాసన చూస్తే, కూరలో మనకు తెలిసిన ధనియాల వాసన కాకుండా నిమ్మతొక్కకు దగ్గరగా ఉన్న పరిమళం వస్తుంది. అది లినలూల్ అనే తైలం. జిన్‌లో కమ్మగా, కొంచెం పూలవాసనగా అనిపించే భాగం చాలావరకు ఇదే. మన దగ్గర దొరికే పొడవాటి ధనియాల కంటే రష్యా, బల్గేరియా ప్రాంతాల చిన్న గుండ్రని ధనియాల్లో సాధారణంగా తైలం ఎక్కువ. యాలకులు, దాల్చిన చెక్కకు దగ్గరి చుట్టమైన కాసియా, అతిమధురం, జాజికాయ, చలవమిరియాలు, నిమ్మ నారింజ తొక్కలు కూడా తరచుగా కనిపించే దినుసులే. మనకు పరిచయం లేనివి ముఖ్యంగా రెండు వేళ్ళు: మట్టి వాసన, పొడి చేదు ఇచ్చే ఏంజెలికా వేరు, ఎండబెట్టిన ఐరిస్ దుంప నుంచి వచ్చే ఓరిస్, ఇది ముఖానికి రాసుకునే పౌడరు వాసనను గుర్తుచేస్తుంది. "సెంటు తాగినట్టుంటుంది" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఈ ఓరిస్సే కారణం కావచ్చు, నిజంగానే సెంట్లలోనూ దాన్ని వాడతారు.

దినుసుల సంఖ్య ఎక్కువైతే జిన్ గొప్పదవుతుందన్న ప్రచారాన్ని నేను నమ్మను. టాంకరే లండన్ డ్రైలో ఉన్నవి నాలుగే: జునిపెర్, ధనియాలు, ఏంజెలికా, అతిమధురం. బాంబే సఫైర్‌లో పది ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిది ముక్కుసూటిగా జునిపెర్ మాట చెబుతుంది, రెండోది దాన్ని మసాలాల వెనుక మెత్తగా వినిపిస్తుంది. ఇక లండన్ డ్రై అన్నది ఊరి పేరు కాదు, తయారీ నియమం. సువాసనలన్నీ సహజమైన దినుసులతో మళ్ళీ బట్టీ పట్టినప్పుడే రావాలి, ఆ తరువాత రంగు గానీ ఎసెన్సు గానీ కలపకూడదు, చక్కెర లీటరుకు 0.1 గ్రాము మించకూడదు. ఎక్కడ తయారైనా ఈ నియమం పాటిస్తే ఆ పేరు పెట్టుకోవచ్చు. బట్టీ పట్టకుండా ఆల్కహాలులో ఎసెన్సు చుక్కలు కలిపి తయారుచేసే చవక రకాలూ ఉన్నాయి; వాటిలో మొదటి ఘాటు దాటిన తరువాత చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

గత కొన్నేళ్ళలో మన దేశంలో వచ్చిన జిన్లు ఈ రంగాన్ని మనకు దగ్గర చేశాయి. గోవాలో తయారయ్యే హపుసాలో హిమాలయాల జునిపెర్‌తో పాటు పసుపు, మామిడి ఉన్నాయి. అదే సంస్థ గ్రేటర్ దాన్ మాత్రం పాత లండన్ బాటలో నడుస్తుంది. రాంపూర్‌లో తయారయ్యే జైసల్మేర్‌లో వట్టివేళ్ళు, నిమ్మగడ్డి, డార్జిలింగ్ గ్రీన్ టీ ఉన్నాయి. వేసవిలో కిటికీకి కట్టిన తడిపిన వట్టివేళ్ళ తడికల వాసన ఎరిగినవారు దీన్ని వేరేగా అనుభవిస్తారని నా అభిప్రాయం. నగరంలోని పెద్ద వైన్‌షాపుల్లో ఇవి ఉన్నప్పుడు ఉంటాయి, లేనప్పుడు కౌంటరు దగ్గరి కుర్రవాడు విస్కీ చూపిస్తాడు.

టానిక్ వాటర్ కథలో సికింద్రాబాదుకూ ఒక పాత్ర ఉంది. సింకోనా బెరడు నుంచి మలేరియాకు మందైన క్వినైన్‌ను 1820లో విడదీశారు, క్వినైన్ కలిపిన టానిక్‌కు 1858లో లండన్‌లో పేటెంటు వచ్చింది, ఇండియాలోని తెల్లవారికి ఆ చేదు నీళ్ళు అలవాటయ్యాయి. అప్పటికి మలేరియా ఎలా సోకుతుందో ఎవరికీ తెలియదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన పేరు పెట్టుకున్న భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఈ కథ విని టానిక్‌ను మందుగా భావించేవారు ఉన్నారు. అమెరికా నిబంధన ప్రకారం టానిక్ లీటరులో క్వినైన్ సుమారు 83 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే 200 మిల్లీలీటర్ల సీసాలో 17 మిల్లీగ్రాములకు లోపే. చికిత్సలో ఒక్క మోతాదే వందల మిల్లీగ్రాములు. కాబట్టి దాని పని చేదు ఇవ్వడం వరకే.

రుచి చూసే పద్ధతికి వస్తే, మొదట ఐసు గానీ టానిక్ గానీ వద్దు. అంచు కాస్త లోపలికి వంగిన చిన్న గ్లాసులో ఒక మూతెడు జిన్ పోసి, నోరు కొద్దిగా తెరిచి ఉంచి వాసన చూడాలి. నోరు మూసుకుంటే ఆల్కహాలు ఘాటే ముక్కును ఆక్రమిస్తుంది. తరువాత అంతే కొలత మంచినీళ్ళు కలపాలి. తైలాలు ఎక్కువగా ఉన్న జిన్ అయితే నీళ్ళు తగలగానే పల్చటి పాల పొర లాంటి మసక ఏర్పడవచ్చు. ఆల్కహాలులో కరిగి ఉన్న తైలాలు నీళ్ళలో ఇమడలేక బయటపడటమే అది, దోషం కాదు. ఇప్పుడు మళ్ళీ వాసన చూస్తే నిమ్మతొక్క ముందుకొస్తుంది, మింగిన తరువాత నాలుక చివర వేళ్ళ చేదు నిలుస్తుంది. బట్టీలోనూ ఇదే వరుస: తొక్కల తైలాలు ముందు, వేళ్ళవి చివర.

టానిక్ పాళ్ళు ఒకటికి రెండు, మించితే రెండున్నర. 60కి 120 నుంచి 150 మిల్లీలీటర్లు పోస్తే జిన్ వినిపిస్తుంది, క్యాను మొత్తం ఒంపితే తీపి నీళ్ళు మిగులుతాయి. ఐసు విషయంలో మన నగరంలో ఒక జాగ్రత్త అవసరం: బోరునీళ్ళతో చేసిన ఐసు కరిగే కొద్దీ ఆ ఉప్పదనం గ్లాసులోకి దిగుతుంది. మంజీరా నీళ్ళో ఫిల్టరు నీళ్ళో పెద్ద గిన్నెలో గడ్డకట్టించి పగలగొట్టుకుంటే నెమ్మదిగా కరుగుతుంది, టానిక్ గ్యాసు కూడా త్వరగా పోదు. నిమ్మరసం పిండటం కంటే తొక్కను తెల్లపొర రాకుండా సన్నగా చెక్కి గ్లాసు మీద మెలితిప్పడం మేలు. నా ఇష్టం అడిగితే, మజ్జిగలో వేసుకునే దబ్బాకును ఒకదాన్ని అరచేతుల మధ్య ఒక్కసారి చరిచి వేస్తాను. దాని వాసన జునిపెర్‌కు అడ్డం రాదు. పంపర పనస దొరికే కాలంలో దాని తొక్క ఇంకా బాగుంటుంది. జూబ్లీహిల్స్ వైపు ఒక బారులో నాకు ఇచ్చిన గోళం లాంటి గ్లాసులో రోజ్‌మేరీ కొమ్మ, ఎండు నారింజ చక్రం, అనాస పువ్వు, గులాబీ రేకులు, మిరియాలు అన్నీ ఉన్నాయి, జిన్ వాసన తప్ప.

నంచుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమామిడి తురుము కలిపిన ఉడికిన పల్లీలు, మొలకల గుడాలు చక్కగా కుదురుతాయి. బార్లలో దొరికే వాటిలో అపోలో ఫిష్ నాకు నచ్చిన జోడీ, అందులోని కరివేపాకు, నిమ్మ పులుపు జిన్‌తో చేయి కలుపుతాయి. కారం తగ్గించమని ముందే చెప్పుకోవాలి. బిర్యానీ బల్ల మీదకు వచ్చేలోగా గ్లాసు ముగించడం నా పద్ధతి. షాజీరా, పుదీనా, వేయించిన ఉల్లిపాయల ఆవిరి ఒకసారి లేచిందంటే, దాని పక్కన ఎంత ఖరీదైన జిన్ అయినా టానిక్ నీళ్ళలాగే ఉంటుంది.