ఇరుసుకు ఎంత దూరంలో పెట్టాం? కారవాన్‌లో బరువు సర్దడం గురించి

గత ఏడాది జులైలో ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ తీరానికి కుటుంబంతో వెళ్తుండగా, ఎం4 మోటార్‌వే మీద పల్లం దిగే ఒక చోట మా కారవాన్, అంటే కారు వెనుక తగిలించి లాగే చక్రాల ఇల్లు, ఊగడం మొదలుపెట్టింది. అప్పటికి మా వేగం గంటకు 60 మైళ్లకు కాస్త తక్కువగా ఉంది. ఒక కోచ్ బస్సు మమ్మల్ని నెమ్మదిగా దాటుకుంటూ పోయింది. అది తోసిన గాలికి కారవాన్ వెనుక భాగం ఒక పక్కకు జరిగి, తిరిగి వచ్చి, రెండోసారి ఇంకా ఎక్కువగా జరిగింది. నేను బ్రేకు తొక్కలేదు, స్టీరింగును ఎదురు తిప్పలేదు. ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని ఉన్నాను. నాలుగైదు ఊపుల తర్వాత, వేగం 50కి పడిపోయాక, బండి తనంతట తానే కుదుటపడింది. పిల్లలిద్దరూ నిద్రలోనే ఉన్నారు. మా ఆవిడ మాత్రం దారి పక్కన విశ్రాంతికి ఉండే తర్వాతి సర్వీసెస్‌లో ఆగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

నన్ను చాలా రోజులు వెంటాడిన సంగతి ఏమిటంటే, ఆ ఉదయం నేను లెక్కలన్నీ చూసుకునే బయలుదేరాను. మా కారవాన్ ఖాళీ బరువు 1,190 కిలోలు, నిండా సర్దాక మించకూడని బరువు 1,350 కిలోలు. అంటే మన సామాను మొత్తానికి మిగిలేది 160 కిలోలే. మా కారు బరువు 1,600 కిలోలు. కొత్తగా లాగేవారు కారవాన్ బరువును కారు బరువులో 85 శాతం దాటనివ్వకూడదని బ్రిటన్‌లో అనుభవజ్ఞులు చెబుతారు. ఆ లెక్కన నాకు 1,360 కిలోల దాకా వీలుంది. వేబ్రిడ్జి మీద కాటా వేయించాను, హద్దులోనే ఉంది. నోజ్ వెయిట్, అంటే కారవాన్ ముక్కు కారు వెనుక కొక్కెం మీద మోపే బరువు, కారవాన్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. మాకు అది 80 కిలోలు వచ్చింది. కారు కొక్కెం మోయగలిగింది 85 కిలోలు, కారవాన్ ముక్కు మోయగలిగింది 100. ఈ రెండింటిలో చిన్న అంకెకే కట్టుబడాలి కాబట్టి అదీ సరిగ్గానే ఉంది.

అంకెలన్నీ సరిపోయినా బండి ఎందుకు ఊగింది?

మా తాతయ్యకు కృష్ణా జిల్లాలో రెండెడ్ల బండి ఉండేది. 75 కిలోల ధాన్యం బస్తాలు వేసేటప్పుడు మధ్యమధ్యలో ఆయన కాడిని చేత్తో ఎత్తి చూసేవారు. బరువు ముందుకు పడితే ఎడ్ల మెడలు నలిగిపోతాయి. వెనక్కి పడితే కాడి పైకి లేచి, మెడకు కట్టిన తాడు గొంతుకు బిగుస్తుంది. అందుకే కాడి కొద్దిగా, చేతికి తెలిసేంత మాత్రమే కిందికి బరువుగా ఉండాలని ఒకటి రెండు బస్తాలు అటూ ఇటూ జరిపించేవారు. ఆయన చేత్తో చూసిన బరువునే నేను ఇక్కడ కొలమానంతో చూస్తున్నాను. అయితే ఎడ్లబండి మనిషి నడక వేగంతో పోతుంది. అక్కడ కాడి బరువు సరిపోతే సర్దడం పూర్తయినట్లే. మోటార్‌వే వేగం దగ్గర బరువుల విషయంలో ఇంకొకటి కూడా చూడాలని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆ రోజు నేను ఎలా సర్దానో చెబుతాను. ముందు పెట్టెలో రెండు గ్యాస్ సిలిండర్లు, ముందు సోఫా కింద కారవాన్ పక్కన వసారాలా వేసుకునే 28 కిలోల ఆనింగ్ గుడారం, దాని ఇనుప కడ్డీలు. వెనుక చివర తగిలించిన స్టాండు మీద 30 కిలోల సైకిళ్లు, వెనుక వంటగది అరల్లో గ్రైండరు, ప్రెషర్ కుక్కర్లు, 10 కిలోల బియ్యం బస్తా. ముందు బరువుకు వెనుక బరువు సరితూగింది కాబట్టి కొలమానం చక్కగా 80 చూపించింది. కానీ బండి రెండు చివర్లా రెండు గుండ్లు కట్టిన కర్రలా తయారైంది. అలాంటి కర్రను మధ్యలో పట్టుకుని తిప్పి చూడండి: తిప్పడం ఎంత కష్టమో, తిరగడం మొదలయ్యాక ఆపడం కూడా అంత కష్టం. ఒక వస్తువు ఈ ఊపుకు ఇచ్చే బలం ఇరుసు నుంచి దాని దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ 30 కిలోల సైకిళ్లు ఇరుసుకు 3 మీటర్ల దూరంలో చేసే పని, అర మీటరు దూరంలో చేసే పనికి 36 రెట్లు. బాత్ విశ్వవిద్యాలయంలో బరువునూ ఇరుసు స్థానాన్నీ మార్చగలిగే ట్రైలరుతో చేసిన పరీక్షల్లో కూడా, అధిక వేగంలో నిలకడను నిర్ణయించేవి నోజ్ వెయిట్, ఇరుసు స్థానం, ఈ తిరుగుడు జడత్వం (తిప్పబోతే మొరాయించి, తిరగడం మొదలయ్యాక ఆగనివ్వని గుణం) అని తేలింది. విడిగా చూస్తే మొత్తం బరువుకు అంత ప్రాధాన్యం లేదు.

ప్రతి కారుకూ కారవాన్‌కూ కలిపి ఒక హద్దు వేగం ఉంటుంది. దానికి లోపల ఊపు తనంతట తగ్గిపోతుంది, దాటితే ప్రతి ఊపూ పెరుగుతుంది. చివర్లు బరువెక్కితే ఆ హద్దు కిందికి దిగుతుంది. కొక్కెంలో రాపిడితో ఊపును అణిచే స్టెబిలైజరు మంచి పరికరమే, మాకూ ఉంది. కానీ తప్పుగా సర్దిన బరువును అది సరిచేయలేదు.

ఇప్పుడు ఆనింగ్ నేల మీద, సరిగ్గా ఇరుసు పైన ఉంటుంది. సైకిళ్లు కారు పైకప్పు మీదికి, గ్రైండరు, బియ్యం కారు డిక్కీలోకి వెళ్లాయి. అయితే నోజ్ వెయిట్ కూడా కారు మోసే బరువులో భాగమే కనుక, కారు వెనుక ఇరుసు హద్దు చూసుకుని, టైర్లలో నిండు బరువుకు చెప్పినంత గాలి పెట్టిస్తున్నాను. రెండో సిలిండరు ఇంట్లోనే ఉంటుంది. పై అరల్లో దుప్పట్లు, బ్రెడ్డు, అప్పడాలు తప్ప ఇంకేమీ పెట్టం. 40 లీటర్ల నీళ్లంటే 40 కిలోలు. అవి క్యాంపుసైటులో దొరుకుతాయి. ఇవన్నీ అయ్యాక కారవాన్‌ను సమతలంగా నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి కొలుస్తాను. రెండు మూడు కిలోల తేడా ఉంటే మడత కుర్చీలను కొద్దిగా ముందుకో వెనక్కో జరుపుతాను.

1997 జనవరి 1 తర్వాత లైసెన్సు పొందినవారికి పెద్ద ట్రైలర్ల కోసం ఉన్న ప్రత్యేక పరీక్షను 2021 డిసెంబరు 16న బ్రిటన్‌లో తీసేశారు. ఇప్పుడు 3,500 కిలోల దాకా లాగవచ్చు. దానివల్ల మాలాంటి కుటుంబాలకు దారి తెరుచుకుంది, నేను సంతోషించాను కూడా. కానీ పరీక్షతో పాటు నేర్పేవారి దగ్గరికి వెళ్లే అవసరం కూడా పోయింది. కొత్తగా కొన్న మిత్రులు ఎవరైనా అడిగితే, కనీసం ఒక రోజు శిక్షణ తీసుకోమనే చెబుతున్నాను.

తిరుగు ప్రయాణంలో మళ్లీ కొలవడం చాలామంది మానేస్తారు. వేల్స్‌లో వాన సహజం. తడిసిన ఆనింగ్ పొడిదాని కంటే ఎన్నో కిలోలు ఎక్కువ తూగుతుంది, తివాచీ పాడవుతుందని దాన్ని వెనుక స్నానాల గదిలో పడేయాలనిపిస్తుంది. మేము నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, దాన్ని మళ్లీ ఇరుసు పైనే పెట్టి, ముక్కు బరువు ఇంకోసారి చూసి బయలుదేరుతున్నాం.