చింతగింజల పాఠం

పదకొండు దాటింది. ఆయన ఎప్పుడో నిద్రపోయారు. నాకు మాత్రం అక్కయ్య మాట చెవిలోంచి పోవడం లేదు.

చర్చి స్త్రీల కూడిక అయ్యాక అందరూ మా ఇంట్లోనే టీ తాగారు. వంటింటి గోడ మీది మా అమ్మాయి బుజ్జి చదువు పట్టిక అక్కయ్య కంటపడింది. పొద్దున వల్లెవేత, పిండి కలిపే వేళ లాటిన్, సాయంత్రం తర్కం. "ఇల్లు చూసుకునే ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకు చెల్లీ? బైబిల్లో రోజుకో అధ్యాయం చదివితే చాలదా?" అంది. నలుగురూ నవ్వారు. నవ్వితే నవ్వారు, బుజ్జి అక్కడే ఉంది. లాటిన్ పుస్తకాన్ని మెల్లగా ఓణీ కిందికి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. నన్ను కోసింది అదే.

అప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు జవాబులు వరుస కడుతున్నాయి. బైబిల్లో తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి అపొస్తలుడు పౌలు రాస్తూ ముందు అవ్వ లోయిని, తరువాత తల్లి యునీకేను తలచుకున్నాడు కదా! అక్కయ్య ప్రతి కూడికలోనూ ఎత్తే బైబిల్ సామెతల గ్రంథం 31వ అధ్యాయం, లెమూయేలు రాజుకు తల్లి నేర్పిన మాటలతోనే మొదలవుతుంది. అందులో గుణవతి గురించిన 22 వచనాలూ హెబ్రీ అక్షరమాల వరుసలో ఉంటాయి. కంఠస్థం చేయడానికి అంతకంటే మంచి అమరిక ఏముంటుంది? అదీ చదువే.

అమ్మమ్మకు సంతకం కూడా రాదు. వేసవిలో అరుగు మీద చింతపండు పోసుకుని కూర్చునేది. 119వ కీర్తన మొత్తం 176 వచనాలూ వాళ్ల నాన్న నోట విని నేర్చుకుంది. మేం ఒక వచనం తప్పు లేకుండా చెబితే ఒక గింజ ముందుకు జరిపేది. ఒక్క మాట జారితే ఆ గింజ వెనక్కి. ఎనిమిది గింజలు వరుసలో చేరితే ఒక భాగం పూర్తి. అలాంటివి 22. ఒక్కో భాగానికి పేరుగా ఉన్న హెబ్రీ అక్షరాలను ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఆమె చెబుతుంటే అవి మాకు తెలియని ఊళ్ల పేర్లనుకునేదాన్ని. గింజలకు అంటుకున్న పులుపును వేలితో తుడిచి, "ఇప్పుడు నీ మాటల్లో చెప్పు" అనేది. చెప్పాక, "అలా ఎందుకన్నాడు?" అని అడిగేది. జవాబు నచ్చకపోతే మళ్లీ అడిగేది.

వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే పాత మూడు మెట్లను పిల్లల వయసుకు ముడిపెట్టి ఆంగ్ల రచయిత్రి డొరతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రసంగించింది. ఆ పేరే వినని అమ్మమ్మ మమ్మల్ని చింతపండు ముందు కూర్చోబెట్టి ఆ మూడూ ఎక్కించింది.

ఇంతవరకు రాశాక ఆ పట్టిక చింపేద్దామనిపించింది. లాటిన్ ఎందుకు, నిజమే కదా? బుజ్జి బడిలో చదివేది ఒడియా. తెలుగు బైబిల్ ఇప్పటికీ కూడబలుక్కుంటూ చదువుతుంది. మా ఊరు పర్లాకిమిడి 1936లోనే ఒడిశాలో కలిసింది. బడిలో దొరకని తెలుగు ఇంట్లో నేనే పెట్టాలి. ఆ అరగంట లాటిన్‌కు ఇవ్వడం తప్పేమో.

కానీ పొద్దున జరిగింది గుర్తొస్తోంది. చపాతీ పీట మీద పిండి చల్లి నేను 'పుయెల్లా', 'పుయెల్లామ్' అని చెబుతున్నాను. బుజ్జి ఆ పిండిలో వేలితో 'మ్' అని రాసింది. "అమ్మా, ఇది మన 'ను' కదా? బాలిక, బాలికను. ఒడియాలో 'ఝిఅకు' అంటాం కదా, అక్కడ 'కు'." ద్వితీయా విభక్తి పేరు నేనింకా చెప్పనేలేదు. మూడు భాషల్ని పక్కపక్కన పెట్టుకుని తనే పట్టేసింది. తెలుగులోని 'ను' దానికి ఇన్నాళ్లూ కనబడలేదు, లాటిన్ పక్కన పెడితే కనబడింది.

కాబట్టి పట్టిక ఉంటుంది. లాటిన్ వారానికి రెండు రోజులే, మిగిలిన రోజుల్లో తెలుగు బైబిల్ పైకి చదవడం. అక్కయ్య మీద కోపం మాత్రం తగ్గలేదు. నలుగురిలో కాకుండా నన్ను విడిగా అడిగి ఉంటే ఇదంతా చెప్పేదాన్ని.

ఇందాక దుప్పటి సర్దబోతే లాటిన్ పుస్తకం బుజ్జి తలగడ కింద ఉంది. మూల మడత పడింది, సరిచేసి పెట్టాను. రేపు సంతలో గింజ తీయని చింతపండు రెండు కిలోలు తేవాలి.