బిర్యానీకి వాసన ఇచ్చే గంజాం మొగలిపొదలు

హైదరాబాద్ బిర్యానీ మూత తీయగానే మసాలాల ఘాటు వెనక నుంచి తియ్యగా, కాస్త మత్తుగా ఒక వాసన వస్తుంది. అది కేవడా. ఒకప్పుడు మన ఆడపిల్లల పూలజడల్లో మెరిసిన మొగలిరేకే. దేశంలో తయారయ్యే కేవడాలో ఎక్కువ భాగం ఒడిశాలోని గంజాం జిల్లాదే. ఇచ్ఛాపురం దాటితే వచ్చేది ఆ జిల్లాయే. మా పిన్నివాళ్లు బరంపురంలో స్థిరపడి ఏళ్లయింది. నేను ఎప్పుడు వెళ్లినా అప్పడాలు, ఊరగాయలు, వీలైతే ఒక పట్టుచీర కొనుక్కుని వచ్చేసేదాన్ని. ఈసారి మొగలి కోసమే వానాకాలం చూసుకుని వెళ్లాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే బరంపురం బజారులో ఇప్పటికీ తెలుగులో బేరమాడొచ్చు. పొద్దున టిఫిన్‌కి మాత్రం వడ మీద బఠాణీల ఘుగుని పోసి ఇస్తారు. చట్నీ కావాలంటే అడగాలి. నాకైతే ఘుగునే నచ్చింది.

మర్నాడు తెల్లారకముందే బాబాయ్ లేపేశారు. "ఎండెక్కితే పువ్వులో వాసన ఉండదమ్మా, పద" అన్నారు. గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసక నేలల్లో, పొలం గట్ల మీద, కాలవల పక్కన ఎక్కడ చూసినా మొగలిపొదలే. ఆకుల అంచుల నిండా ముళ్లు. పొడవాటి కర్రతో పొత్తుని వంచి కోసే మనిషి చేతులు చూస్తే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. మొగలిలో మగచెట్టు, ఆడచెట్టు వేరువేరు. వాసన మగపువ్వుదే. ఆడచెట్టుకి అనాసపండులా కనిపించే కాయ కాస్తుంది, అత్తరు బట్టీవాళ్లకి దాంతో పని లేదు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పుడు పొదలు ఎన్ని పోయాయో చెబుతూ బాబాయ్ దారంతా చేయి చూపిస్తూనే ఉన్నారు.

కోసిన పువ్వు కొన్ని గంటల్లోనే బట్టీకి చేరాలి. మేం వెళ్లిన బట్టీ ఒక రేకుల షెడ్డు. లోపల ఇటుకల పొయ్యిల మీద పెద్ద రాగి పాత్రలు. వాటిని డేగ్ అంటారు. పువ్వులు, నీళ్లు వేసి మూతపెట్టి, ఆవిరి పోకుండా చుట్టూ మట్టి మెత్తుతారు. మూత నుంచి ఒక వెదురు గొట్టం, దానికి తాడు చుట్టి ఉంటుంది. అది పక్కనే నీళ్ల తొట్టెలో కూర్చున్న భప్కా అనే మరో రాగి పాత్రలోకి దిగుతుంది. ఆవిరి అక్కడ చల్లబడి నీరవుతుంది. థర్మామీటర్ లేదు, గడియారం వైపు చూసినవాడూ లేడు. అక్కడ పనిచేసే పెద్దాయన తొట్టెలో చెయ్యి పెట్టి భప్కాని తడిమి, ఎంత నిండిందో చెప్పేస్తున్నాడు. సముద్రపొడ్డు తెలుగు ఊరివాడట, మధ్యమధ్యలో ఒడియా కలుస్తోంది. "మంట ఎక్కువైతే మాడు వాసనొస్తాదమ్మా. తక్కువైతే పువ్వు దండగ" అన్నాడు.

భప్కాలో ముందుగా గంధపు నూనె పోసి ఉంచితే పూల సారాన్ని అది పట్టుకుంటుంది. అదే అత్తరు. గంధపు నూనె ధర మండిపోవడంతో ఇప్పుడు చాలాచోట్ల లిక్విడ్ పారఫిన్ అనే ఖనిజ నూనె వాడుతున్నారు. ఏ నూనే కలపకుండా తీసిన అసలు సారం రూహ్. గంజాం కేవడా రూహ్‌కీ, గంజాం మొగలిపువ్వుకీ జీఐ, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకన్న భౌగోళిక గుర్తింపు ఉంది. ఇవి కాకుండా, పూల ఆవిరి చల్లబడగా వచ్చే సువాసన నీళ్లే వంటింటికి వచ్చే కేవడా వాటర్.

ఆ మధ్యాహ్నం పిన్ని బిర్యానీ చేసింది. బియ్యం, మాంసం వరసలు పేర్చడం అయిపోయాక, దమ్ముకి పిండి అంటించే ముందు, రెండు చెంచాల కేవడా వాటర్ పైన చిలకరించింది. "ముందే మసాలాలో ఎందుకు వెయ్యలేదు పిన్నీ?" అన్నాను. "ఏటే, బట్టీ చూసొచ్చి కూడా అడుగుతావా? అక్కడ మట్టి మెత్తింది ఎందుకు? ఆవిరితో వాసన పోకుండానే గదా!" అంది. మొగలి సువాసనలో ప్రధానమైన పదార్థం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. అది తేలిగ్గా ఆవిరవుతుంది. మూత లేకుండా ఉడికే కూరలో పోస్తే వీధికి వాసన, మనకి నీళ్లు. రసగుల్లా, గులాబ్‌జామ్ పాకానికైనా అంతే. పొయ్యి దించి, గోరువెచ్చగా అయ్యాక కలపాలి.

భోజనాలయ్యాక, తెచ్చిన ఒక పువ్వుని పిన్ని పూజగదిలో పెట్టబోతే బాబాయ్ అడ్డుపడ్డారు. శివలింగం ఆది అంతం వెతకడానికి వెళ్లిన బ్రహ్మకి మొగలిపువ్వు దొంగసాక్ష్యం చెప్పిందనీ, అందుకే శివుడు తన పూజకి పనికిరాదని శపించాడనీ కథ ఉంది కదా. శివుడు వద్దన్న పువ్వు బిర్యానీలో దూరి ఊరూరా తిరుగుతోందని పిన్ని నవ్వేసి, దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది. చీరల్లో మొగలిరేకు దాచడం మా అమ్మమ్మ అలవాటు కూడా.

సీసా కొనేటప్పుడు మాత్రం లేబుల్ చదవండి. కేవడా వాటర్ అయితే చెంచాలతో పోయొచ్చు. ఎసెన్స్ చాలా గాఢం, చాలావరకు కృత్రిమం కూడా. రెండు మూడు చుక్కలు దాటితే బిర్యానీ సబ్బు వాసన కొడుతుంది. ఒంటికి రాసుకునే అత్తరుని వంటలో అసలు వెయ్యకూడదు, అందులో పారఫిన్ ఉండొచ్చు. బట్టీలు చూడాలనుకునేవాళ్లు జులై, సెప్టెంబరు మధ్య వెళ్లండి. వేసవిలో, చలికాలంలో కూడా కొంత పూస్తుంది కానీ వానాకాలమంత పూత ఉండదు.