ఎండినా వాసన పోని ప్రొవాన్ గులాబీ

పారిస్‌లోని గార్ ద లెస్ట్ స్టేషన్‌లో పి లైన్ రైలెక్కితే దాదాపు గంటన్నరకి ప్రొవాన్ అనే పాత ఊరు వస్తుంది. అదే ఆఖరి స్టేషన్. మేం జూన్ మొదట్లో వెళ్లాం. ఈ గులాబీ ఏడాదికి ఒక్క విడతే, మూడు నాలుగు వారాలు పూస్తుంది. జూలై నెలాఖరున వెళ్లేవాళ్లకు కోటగోడలూ సీజర్ టవరూ దొరుకుతాయి గానీ, ఈ పొదల మీద ఆకులే ఉంటాయి.

రోజా గాలికా అఫిసినాలిస్ అని శాస్త్రీయ నామం. చూడగానే కాస్త నిరాశ కలుగుతుంది. నడుమెత్తు పొద, రెండు మూడు వరసల రెక్కలు, నడుమ పసుప్పచ్చ కేసరాలు. రంగు బజార్లో దొరికే బొకే గులాబీల ముదురెరుపు కాదు, గులాబి కలిసిన ఎరుపు. వాడేకొద్దీ ఊదాకు తిరుగుతుంది. 18వ శతాబ్దం చివర్లో చైనా గులాబీలు వచ్చేదాకా యూరప్ తోటల్లో ఎర్ర గులాబీ అంటే ఇలాంటిదే.

1240 ప్రాంతంలో ఈ షాంపేన్ ప్రాంతాన్ని ఏలిన కౌంట్ (ప్రభువు) నాలుగో తిబో క్రూసేడ్ (మతయుద్ధం) నుంచి దీన్ని తెచ్చాడని ఊళ్లో అందరూ చెబుతారు. మాకు నమ్మకం కుదరలేదు. గాలికా జాతి మధ్య, దక్షిణ యూరప్‌లో సహజంగానే పెరుగుతుంది. ఇంగ్లండ్ రాజకుటుంబంలోని లాంకాస్టర్ వంశపు గుర్తైన ఎర్ర గులాబీ కూడా ఇక్కడిదేనంటారు: ఆ వంశపు ఎడ్మండ్ 1276లో అప్పటికే చనిపోయిన షాంపేన్ కౌంట్ మూడో హెన్రీ భార్య బ్లాంష్‌ను పెళ్లాడాడు. పెళ్లి నిజమే, పువ్వు సంగతి కథే.

ఈ పువ్వుకి అసలు పేరు తెచ్చింది మందుల అంగళ్లు. పన్నీరు తీసే డమాస్క్ గులాబీ రెక్కలు ఎండితే వాసన తగ్గిపోతుంది. ఈ గాలికాకి ఎండినా వాసన నిలుస్తుంది. వగరు కూడా ఎక్కువ. అందుకే గొంతు పుక్కిలింతకీ విరేచనాలకీ వైద్యులు దీన్నే అడిగేవారు. ఈ ఊళ్లో జరిగే షాంపేన్ సంతలకొచ్చే వర్తకులుండగా సరుకు ఊరు దాటడం కష్టం కాలేదు.

ఎండబెట్టడంలోనే పనితనమంతా. విచ్చిన పువ్వు పనికిరాదు. రంగు చూపిస్తూ ఇంకా ముడుచుకునే ఉన్న మొగ్గను, మంచు ఆరాక కోయాలి. రెక్కల అడుగున తెల్లగా ఉండే మొదలు కత్తిరించేయాలి. నీడలో, గాలి ఆడేచోట పలచగా పరిచి త్వరగా ఆరనివ్వాలి. గుట్టగా పోస్తే లోపల చెమ్మపట్టి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆరాక మూత బిగించకపోతే గాలిలో తేమ పీల్చి బూజు పడతాయి.

మందుగా వాడే తీపి రెక్కల ముద్దకి బ్రిటిష్ ఫార్మకోపియా (మందుల తయారీ ప్రామాణిక గ్రంథం) పాత లెక్క ఒక పాలు తాజా రెక్కలకు మూడు పాళ్లు పంచదార. రెక్కల్ని రాతి రోట్లో నూరి, పంచదార కలిపి మళ్లీ నూరడమే, పొయ్యి అక్కర్లేదు. పంచదార తగ్గిస్తే పులుస్తుంది. ఇనుప పాత్ర ముట్టుకోవద్దు, రెక్కల్లో వగరునిచ్చే టానిన్‌కు ఇనుము తగిలితే నల్లబడుతుంది. మన గుల్కంద్‌కు దగ్గరి చుట్టమే గానీ, గుల్కంద్ ఎండలో మగ్గుతుంది, దానికి వాడేదీ ఎక్కువగా డమాస్క్ జాతి పువ్వే.

మొక్క కొనాలని ఆశ పుడుతుంది. చలి దేశాల్లో ఉన్నవాళ్లు నిస్సంకోచంగా కొనొచ్చు. శీతాకాలంలో పక్క పిలకను వేరుతో సహా తవ్వి నాటితే చాలు. పిలకలు పాకిపోతాయి కాబట్టి చుట్టూ హద్దు ఉంచాలి. కత్తిరింపు పూత అయ్యాకే, ఎందుకంటే పూసేది పాత కొమ్మ మీద. చలికాలంలో పొట్టిగా నరికితే ఆ ఏడాది పూతకు ఎసరు. పూత తర్వాత ఆకుల మీద బూడిద తెగులు మామూలే, గాలి ఆడేలా పాత కొమ్మలు తీసేయాలి. హైదరాబాద్, విజయవాడల్లో మాత్రం వద్దు. గట్టి చలి తగలందే సరిగా పూయదు.

పాత ఊరి అంగళ్లలో గులాబీ తేనె, సిరప్, రెక్కల జామ్ అమ్ముతారు. సీసా వెనక చదివి కొనండి: గులాబీ రెక్కల శాతం రాసి ఉంటే సరే, వట్టి ‘ఆరోమ్’ అని ఉంటే అది సువాసన కలిపిన చక్కెర పాకమే.